పిల్లల కాలేయములో కొవ్వు: ఒక మందుచీటీపై విమర్శ

నెల్లూరు పట్టణములో ఒక స్కానింగు కేంద్రము మెట్లమీద ఒక తల్లి కాగితము చేతపట్టుకొని కూర్చుండి, దానిలో ఏమి వ్రాసియున్నదో చెప్పుమని దారిన పోవు వారిని అడుగుచుండెను. మైపాడు వైపునుండి వచ్చినది. ప్రక్కన పదమూడేండ్ల కొడుకు ఉన్నాడు. కడుపునొప్పి యని చూపింప వచ్చిన పిల్లవానికి నొప్పి సంగతి తేలలేదు గాని, కాగితము చివర ‘గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్’ అను మాట తేలినది. దానికి జతపరచిన మందుచీటీలో ఒక లివర్ టానిక్కు, ఒక విటమిను గుళిక, ఒక వాక్యము ఉన్నవి: ‘నూనె, కొవ్వు, చేపలు మానవలెను. బరువు తగ్గవలెను.’

“మా పిలకాయకి లివరు జబ్బేందయ్యా? వాడేమన్నా తాగతాడా?” అని ఆమె నన్నడిగెను.

ఆ ప్రశ్నను నవ్వి త్రోసివేయరాదు. వైద్యులును చాలకాలము అట్లే తలచిరి. 1980లో అమెరికాలోని మేయో క్లినిక్కునకు చెందిన లుడ్విగ్, ఆయన సహచరులు, మద్యము పుచ్చుకొనని వారి కాలేయములలో త్రాగువారి కాలేయములందు కనబడు మార్పులనే చూచి, ఆ స్థితికి ఒక పేరు పెట్టిరి. మూడేండ్ల తరువాత, 1983లో, స్థూలకాయులైన ముగ్గురు పిల్లలలో ఇదే వ్యాధి వర్ణింపబడినది. నాడు ముగ్గురు పిల్లలు ఒక వైద్యపత్రికలో వ్యాసమునకు తగినంత వింత. 2022లో ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ వైద్యులు మన దేశములో అంతవరకు వెలువడిన పరిశీలనలన్నిటిని ఒకచోట చేర్చి లెక్కింపగా, స్థూలకాయులైన పిల్లలలో నూటికి అరువదిమందికి పైగా కాలేయములో కొవ్వు ఉన్నట్లు తేలినది. సామాన్యపు బరువుగల పిల్లలలోను నూటికి పండ్రెండుమందికి ఉన్నది. 2021లో భారత ప్రభుత్వము ఈ వ్యాధిని మధుమేహము, రక్తపుపోటు మొదలగు వానితోపాటు తన జాతీయ కార్యక్రమములో చేర్చినది.

కావున తల్లి చేతిలోని కాగితము వింతకాదు. నేను విమర్శింప దలచినది దాని వెంటనున్న మందుచీటీని. అటువంటివి ఇప్పుడు ప్రతి ఊరను చూడవచ్చును. దానిలోని ఒక్కొక్క మాటకు ఆధారమేమి యని అడిగినచో, కొన్నిటికి ఆధారము లేదు, కొన్నిటికి తలక్రిందులైన ఆధారము ఉన్నది. నిజముగా ఆధారమున్న చికిత్స మాత్రము ఆ చీటీపై లేనే లేదు.

మొదట ‘నూనె, కొవ్వు మానవలెను’ అను మాట. కాలేయములో కొవ్వు చేరినది గనుక తినే కొవ్వు మానవలెనని ఎవరికైనను తోచును. కాని కాలేయము నూనెను పోసి దాచు జాడీ కాదు, అది ఒక కర్మాగారము. 2005లో అమెరికాలో తొమ్మిదిమంది రోగులకు గుర్తుపట్టదగిన ప్రత్యేక పరమాణువులుగల ఆహారమునిచ్చి, కాలేయములోని కొవ్వు ఎక్కడెక్కడినుండి వచ్చినదో జాడతీసిరి. అందులో నూటికి 59 పాళ్లు శరీరములోని కొవ్వు పొరలనుండి రక్తములో కలిసి వచ్చినది. 26 పాళ్లు కాలేయమే చక్కెర, పిండిపదార్థములనుండి క్రొత్తగా తయారుచేసినది. ఆహారములోని కొవ్వు నేరుగా వచ్చి చేరినది 15 పాళ్లే. వారు పెద్దలు, సంఖ్యయు చిన్నది. ఐనను వ్యాధి నడచు మార్గమును ఈ మూడు అంకెలు చక్కగా చూపుచున్నవి.

ఆరోగ్యవంతునిలో భోజనానంతరము ఇన్సులిను వెలువడి, కొవ్వు పొరలతో ‘ఇక కొవ్వు విడువకుడు’ అని చెప్పును. స్థూలకాయునిలో పొరలు ఆ ఆజ్ఞను సరిగా వినవు. కొవ్వు ఆమ్లములు రేయింబవళ్లు రక్తములోనికి జారుచునే యుండును. ఆజ్ఞ వినబడుట లేదని క్లోమము ఇన్సులినును మరింతగా స్రవించును. చిత్రమేమనగా, కొవ్వు పొరలు వినని ఆ ఇన్సులిను ‘చక్కెరను కొవ్వుగా మార్చుము’ అని చెప్పినచో కాలేయము వినుచున్నది! రెండువైపులనుండి వచ్చిన సరకు ఒకేచోట పేరుకొనును. చక్కెరలలో ఫ్రక్టోజు మరింత చెడ్డది. గ్లూకోజును కండరములు, మెదడు మొదలగునవి పంచుకొనును. ఫ్రక్టోజులో హెచ్చుభాగమును సంస్కరించు భారము కాలేయముపై పడును. మనము వాడు పంచదారలో సగము ఫ్రక్టోజే.

నూనె ఎంత పోసినను ఫరవాలేదని నా మాట కాదు. వేపుళ్లలో నూనె క్యాలరీలను కూర్చును, బరువును పెంచును. కాని ఆ తల్లి చీటీ చదివి ఇంటికిపోయి తాళింపులో నూనె తగ్గించి, పిల్లవానికి మామిడిరసపు సీసా కొనియిచ్చినచో చీటీని అక్షరాల పాటించినట్లే యగును. ఆ సీసాలో కొవ్వు లేదు గదా!

ఇక చేపల సంగతి. నెల్లూరు తీరమున పుట్టిన పిల్లవానికి చేప మానుమని చెప్పుట ఏ గ్రంథములోనిదో నాకు తెలియదు. చేప మంచి మాంసకృత్తు. కడుపు నిండిన తృప్తినిచ్చును, పళ్లెములో అన్నమునకు చోటు తగ్గించును. చేపనూనె గుళికలతో పిల్లల కాలేయ వ్యాధి నయమగునాయని పరిశోధనలు జరిగినవి. వాని ఫలితములు ఒక్కతీరుగా లేవు, కావున చేపను మందని చెప్పను. కాని పులుసులోని చేపను మానిపించి, దాని బదులు పప్పుచారుతో మరి రెండు గరిటెల అన్నము పెట్టించు సలహా వ్యాధికి అనుకూలము, రోగికి ప్రతికూలము.

చీటీలో లేనిది చక్కెర. ఈ విషయమై మనకు దొరికిన ఉత్తమమైన పరిశోధన 2019 జనవరిలో అమెరికా వైద్యసంఘ పత్రికలో వెలువడినది. శాన్‌డియాగో, అట్లాంటా నగరములలో 11 నుండి 16 ఏండ్ల వయస్సుగల నలుబదిమంది బాలురను తీసికొనిరి. అందరికి కాలేయములో కొవ్వు ఉన్నది. సగముమందికి ఎనిమిది వారములపాటు కలుపబడిన చక్కెర, పండ్లరసములలోని చక్కెర మొత్తము ఆహార శక్తిలో నూటికి మూడు పాళ్లకు మించకుండ ఏర్పాటు చేసిరి. మిగిలినవారు ఎప్పటివలెనే తినిరి. ఎం.ఆర్.ఐ. యంత్రముతో కొలువగా, చక్కెర తగ్గించినవారి కాలేయములో కొవ్వు నూటికి 25 పాళ్లనుండి 17కు దిగినది. తక్కినవారిలో 21నుండి 20కి మాత్రమే దిగినది. కాలేయ కణములు దెబ్బతినినపుడు రక్తములోనికి వచ్చు ఏ.ఎల్.టి. అను ఎంజైము కూడ మొదటి వర్గములో బాగుగా తగ్గెను.

అంకెలకన్న నన్ను ఆకర్షించినది వారు ఆ పని చేసిన తీరు. పిల్లవానిని పిలిచి ‘నీవు తీపి తినకుము’ అని చెప్పి పంపలేదు. ఇంటిలో అలవాటుగా తిను వంటకములేవో అడిగి, వానినే చక్కెర లేకుండ ఏర్పరచి, ఇంటిల్లిపాదికి భోజన సామగ్రి పంపిరి. తల్లి, తండ్రి, చెల్లెలు అందరును అదే తినిరి. పరిశోధకులు చికిత్స చేసినది నలుబదిమందిలో సగము పిల్లలకు కాదు, ఆ పిల్లల ఇండ్లకు.

ఈ పరిశోధనకును లోపములున్నవి. ఎనిమిది వారములు స్వల్పకాలము. ఎనిమిది వారముల తరువాత పదిహేడు పాళ్ల కొవ్వు కూడ వ్యాధియే, ఆరోగ్యముగల కాలేయములో ఐదు పాళ్లు దాటరాదు. అందరును బాలురే. భోజనము ఉచితముగా ఇంటికి వచ్చినపుడు చేయగలిగినది, మన కొట్టులో మన డబ్బుతో కొనుక్కొనునపుడు చేయగలమా అను ప్రశ్నకు సమాధానము దానిలో లేదు. బరువును కొంచెము తగ్గినది గనుక మేలంతయు చక్కెర మానుటవలననే కలిగినదని ఖండితముగా చెప్పుటకును వీలులేదు.

మరియొక చిక్కు ఉన్నది. అమెరికా పిల్లవాని చక్కెర ఎక్కువగా సీసాలలో ఉండును. మన పిల్లవానికి సీసా కొంత, బిస్కత్తు కొంత, పూటపూటకు టీ కొంత. వీటన్నిటిని మించి, మూడుపూటల పాలిషుపట్టిన సన్నబియ్యము. మొలగొలుకులు పండించి పేరుపొందిన జిల్లా మనది. సన్నని తెల్లని అన్నము మన మర్యాద, మన గర్వము. ఉదయము దోసె, మధ్యాహ్నము అన్నము, సాయంత్రము బొరుగులు, రాత్రి మరల అన్నము అనగా, వేరువేరు రూపములలో ఒకే ధాన్యపు పిండి. అందులో ఫ్రక్టోజు లేదు, నిజమే. కాని అవసరమునకు మించిన పిండిని కొవ్వుగా మార్చు పని పైన చెప్పిన కర్మాగారము ఎట్లును చేయును. హైదరాబాదులోని కణ, అణుజీవశాస్త్ర కేంద్రము, వరి పరిశోధన సంస్థ కలిసి రూపొందించి 2008లో విడుదలచేసిన మెరుగుపరచిన సాంబమసూరి బియ్యము రక్తములో గ్లూకోజును సాధారణపు బియ్యమంత వేగముగా పెంచదు. అది మంచిదే. అయితే ఆ బియ్యమును రెట్టింపు తిని ‘ఇది సుగరు రాని బియ్యము’ అనుకొనువారిని చూచితిని. క్యాలరీలు రెంటిలోను ఒక్కటే. అందుచేత అమెరికా పరిశోధన ఫలితమును మన ఊరికి తెచ్చునపుడు సీసాలను తీసివేయుట మొదటిమెట్టు, అన్నపు రాశిని కూరకు, పప్పుకు, గ్రుడ్డుకు, చేపకు లోబరచుట రెండవమెట్టు అని నా అభిప్రాయము.

టానిక్కు, గుళికల మాటకు వత్తము. 2011లో వెలువడిన ఒక ప్రసిద్ధ పరిశోధనలో 8 నుండి 17 ఏండ్లవారు 173 మందిని మూడు వర్గములు చేసి, 96 వారములపాటు ఒక వర్గమునకు విటమిన్ ఇ, ఒక వర్గమునకు మెట్‌ఫార్మిన్, ఒక వర్గమునకు మందులేని ఉత్తుత్తి గుళికలు ఇచ్చిరి. ఆహారము, వ్యాయామము గూర్చిన సలహా అందరికి ఒక్కటే. ఎంజైము నిలకడగా తగ్గినవారు వరుసగా నూటికి 26, 16, 17 మంది. ఈ తేడాలు యాదృచ్ఛికముగా కూడ రావచ్చునని గణితము తేల్చినది. అనగా రెండు మందులును పరీక్షలో తప్పినవి. కాలేయపు ముక్క తీసి సూక్ష్మదర్శినితో చూచినపుడు మాత్రము విటమిన్ ఇ పుచ్చుకొన్నవారిలో నూటికి 58 మందికి, ఉత్తుత్తి గుళిక మ్రింగినవారిలో నూటికి 28 మందికి వాపుతోకూడిన తీవ్రస్థితి తొలగినది. ఈ రెండవ ఫలితమును చూపి విటమిన్ ఇ అందరికి వ్రాయువారు ఉన్నారు. ఆ మేలు ముక్కతీసి వ్యాధి తీవ్రత నిర్ధారించిన పిల్లలలో కనబడినది, స్కానింగులో ‘గ్రేడ్ 1’ వచ్చిన ప్రతివానిలో కాదు. మందేమియులేని గుళికతో నూటికి 28 మందికి నయమైనదను సంగతిని కూడ గమనింపవలెను. టానిక్కు త్రాగిన తరువాత ‘మా వానికి తగ్గింది’ అని చెప్పువారిలో ఈ కోవకు చెందినవారెందరో!

2017లో ఉత్తర అమెరికా శిశు జీర్ణకోశ, కాలేయ వైద్యుల సంఘము తన మార్గదర్శకములలో ఈ వ్యాధికని పిల్లలకు ఏ మందును గాని, పోషకపు గుళికను గాని సిఫారసు చేయలేమని స్పష్టముగా వ్రాసినది. తరువాత పెద్దలకు మందులు వచ్చినవి: 2024 మార్చిలో రెస్మెటిరోమ్, 2025 ఆగస్టులో సెమాగ్లుటైడ్, అమెరికాలో పెద్దల తీవ్రవ్యాధికి అనుమతి పొందినవి. ఈ సెమాగ్లుటైడ్ సూదిమందునే 12 ఏండ్లు దాటిన స్థూలకాయులకు బరువు తగ్గుటకు ఇచ్చి, 2022లో ఫలితము ప్రకటించిరి. 201 మందితో 68 వారములు జరిగిన ఆ పరీక్షలో శరీరభార సూచిక మందు పుచ్చుకొన్నవారిలో సగటున నూటికి 16 పాళ్లు తగ్గెను, తక్కినవారిలో తగ్గలేదు. ఇంతటి ఫలితము మాటలతో ఎన్నడును రాలేదు, దానిని తేలికగా తీసివేయుట న్యాయము కాదు. మిక్కిలి తీవ్రమైన స్థూలకాయముగల పిల్లలకు నిపుణుని పర్యవేక్షణలో అది అవసరము కావచ్చును. కాని మందు ఆపిన తరువాత బరువు మరల పెరుగుట పెద్దలలో చూచిరి. పదమూడేండ్లవానికి మొదలుపెట్టిన సూదిని ఎన్నడు ఆపవలెను? ఈ ప్రశ్న అడుగకుండ దానిని వ్రాయువారిని అనుమానించుట మంచిది.

‘బరువు తగ్గవలెను’ అను మాట పెద్దలకు సరియైనదే. పిల్లలకు మాత్రము అందులో ఒక తప్పున్నది. లెక్క చూడుడు. 140 సెంటీమీటర్ల ఎత్తు, 50 కిలోల బరువుగల పిల్లవాని శరీరభార సూచిక 25.5. రెండేండ్లలో అతడు 152 సెంటీమీటర్లకు పెరిగి, బరువు అదే 50 కిలోలుగా నిలిచినచో సూచిక 21.6 అగును. ఒక్క కిలో తగ్గలేదు, వ్యాధికి కారణము చాలవరకు తగ్గినది. ఎదుగుదల పిల్లల చేతిలోనున్న ఔషధము. పస్తులుంచి, పదిదినములలో ఐదు కిలోలు తగ్గించు శిబిరములలో చేర్చుట ఆ ఔషధమును పారబోయుటయే. పైగా త్వరితముగా చిక్కుట కాలేయమునకే కీడు. బరువు కదలకపోయినను వ్యాయామము పనిచేయునని చూపిన పరిశోధన కూడ ఉన్నది. 2012లో అమెరికాలో 45 మంది స్థూలకాయులైన బాలురతో జరిగినది. ఆహారము తగ్గింపకుండ, వారమునకు 180 నిమిషముల చొప్పున మూడు నెలలు కొందరు పరుగువంటి వ్యాయామము, కొందరు బరువులెత్తు వ్యాయామము చేసిరి. రెండు వర్గములలోను కాలేయపు కొవ్వు తగ్గినది. 180 నిమిషములనగా బడిలో వారమునకు నాలుగు ఆటల పీరియడ్లు.

రోగనిర్ణయములో కూడ చిక్కులున్నవి, అవి ప్రాణాపాయమైనవి. మామూలు అల్ట్రాసౌండు స్కానింగు కాలేయములో కొవ్వు బాగుగా పేరుకొన్న తరువాతనే దానిని పట్టగలదు, కొద్దిపాటి కొవ్వును చూడలేదు. మచ్చకట్టుట మొదలైనదా లేదా అన్నది ‘గ్రేడ్’ చెప్పదు. కావుననే పైన చెప్పిన మార్గదర్శకములు పిల్లలలో వ్యాధిని నిర్ణయించుటకు దీనిపై ఆధారపడవద్దనినవి. స్థూలకాయులైన పిల్లలకు 9-11 ఏండ్ల నడుమ ఏ.ఎల్.టి. పరీక్ష చేయుమనినవి. ఇక్కడ ఒక చిన్న మోసమున్నది. మన ప్రయోగశాలల కాగితములపై ‘40 వరకు సరియే’ యని తరచుగా అచ్చువేసి యుండును. ఆరోగ్యవంతులైన పిల్లలలో బాలికలకు 22, బాలురకు 26 దాటరాదని తరువాత లెక్కతేల్చిరి. ఆ అంకెకు రెట్టింపు మూడు నెలలకు పైగా నిలిచినచో, అనగా బాలికకు 44, బాలునికి 52, వేరు కారణములను వెదకవలెను. 38 వచ్చిన బాలికను ‘అంతా బాగున్నది’ అని పంపివేయుట మన కాగితపు తప్పు.

వేరు కారణములలో ముఖ్యమైనది విల్సను వ్యాధి. జన్యులోపముచేత శరీరము రాగిని విసర్జింపలేక కాలేయములో పేర్చుకొనును. స్కానింగులో అదియు కొవ్వువలెనే కనబడవచ్చును. దానికి మంచి మందులున్నవి, వేళకు ఇచ్చినచో పిల్లవాడు నిండునూరేండ్లు బ్రతుకవచ్చును. ‘లావుగా ఉన్నాడు, ఫ్యాటీ లివరే’ అని టానిక్కు వ్రాసి పంపినచో కాలేయమో, మెదడో చెడును. లావుగాలేని పిల్లవానికి ‘ఫ్యాటీ లివర్’ అని వచ్చినపుడు మరింత జాగ్రత్త వహింపవలెను.

రాగి మాట వచ్చినది గనుక పాతకథ యొకటి చెప్పవలెను. మన తాతల కాలమున తెలుగిండ్లలో ‘లివరు జబ్బు’ అనగా ఇది కాదు. ఏడాది, రెండేండ్ల పసివారికి పొట్ట ఉబ్బి, కాలేయము రాయివలె గట్టిపడి, కామెరలు కమ్మి, కొలది నెలలలో ప్రాణము పోయెడిది. 1887లో కలకత్తాలో మొదట వర్ణింపబడిన ఈ వ్యాధి భారతదేశపు శిశువులకే ప్రత్యేకమని ప్రపంచము నమ్మినది. ఎన్ని మందులు, ఎన్ని లివరు టానిక్కులు! పత్రికలనిండ వాని ప్రకటనలే. 1983లో పుణేలోని ఆనంద్ పండిత్, షీలా భవే, ఇంగ్లండునుండి వచ్చిన టానర్ కలిసి పరిశీలించి వేలు చూపినది ఒక గిన్నెవైపు. కళాయిలేని ఇత్తడి, రాగి పాత్రలలో కాచి నిలువయుంచిన పాలలోనికి రాగి దిగి, ఆ పాలు త్రాగిన పసివాని కాలేయములో చేరుచున్నదనిరి. అప్పటికే ఇండ్లలోనికి స్టీలు గిన్నెలు వచ్చుచుండెను. తల్లిపాలు, స్టీలు గిన్నె, అంతే. 1990లనాటికి ఆ వ్యాధి వైద్యవిద్యార్థులకు చూపుటకు కూడ దొరకనంత అరుదైపోయినది. పెనిసిలమిన్ అను మందుతో కొందరు శిశువులను కాపాడగలిగిన మాట నిజమే. కాని వ్యాధిని దేశమునుండి తరిమినది వంటయింటి మార్పు.

అంతకుముందు 1950లలో పిల్లల కాలేయములో కొవ్వు అన్నచో వైద్యులకు తోచునది మరియొకటి: క్వాషియోర్కర్. 1958లో కూనూరునుండి హైదరాబాదుకు తరలివచ్చిన పోషకాహార పరిశోధనశాలలో గోపాలన్ ప్రభృతులు శ్రమించి పనిచేసిన వ్యాధులలో ఇది యొకటి. మాంసకృత్తులు చాలని పిల్లవాని కాలేయము కొవ్వును బయటికి పంపు వాహకములను తయారుచేయలేక దానిని తనలోనే నిలుపుకొనెడిది. తిండి సరిపడ పెట్టగా కొవ్వు పోయెడిది. ఆకలివలన వచ్చిన కొవ్వును చూచిన దేశము అర్ధశతాబ్దమున అతిభోజనపు కొవ్వును చూచుచున్నది. రెంటిలోను కాలేయము తప్పులేదు. నేటి జబ్బునకు ఆనాటి ఇత్తడిగిన్నె యేదో మనము చూడవలెను గాని, గిన్నెను పొయ్యిమీదనే యుంచి పసివానికి టానిక్కు పోయరాదు.

ఆ గిన్నె సగము ఇంటిలో నున్నది, సగము బడివద్ద నున్నది. మెట్లమీది తల్లికి నేను చక్కెర సంగతి చెప్పగా ఆమె వెంటనే, “ఇంటికాడ నేను చూసుకుంటా. మరి బడికాడ అంగడి సంగతో?” అనెను. నాకు జవాబు తోచలేదు. తీపి పానీయములలో 100 మిల్లీలీటర్లకు 10 మొదలు 14 గ్రాముల వరకు చక్కెర ఉండును. పావు లీటరు పానీయములో 25 గ్రాములకు తక్కువ కాకుండ. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2015లో సూచించిన ఐదు పాళ్ల హద్దు, 2000 క్యాలరీలు తినువానికి రోజంతటికి సరిగా అంతే. 2025 మేలో కేంద్ర మాధ్యమిక విద్యామండలి తన పాఠశాలలలో ‘చక్కెర పలకలు’ పెట్టుమని ఆదేశించుచు, మన 11-18 ఏండ్ల పిల్లలు ఆహార శక్తిలో నూటికి 15 పాళ్లు చక్కెరనుండియే పొందుచున్నారని చెప్పినది. పలకపై వ్రాయుట మంచి పాఠమే. కాని పలక లోపల, అంగడి గేటు బయట! రాష్ట్రప్రభుత్వపు బడి భోజనములో ఇచ్చు చిక్కి ముక్కలో బెల్లమున్నదని కొందరు గోలచేయుదురు. వేరుసెనగతో కలిసిన ఆ చిన్నముక్కను వెంటాడుచు, గేటువద్ద రెండు సీసాలు త్రాగుచున్న పిల్లవానిని చూడకుండుట నాకు వింతగా తోచును. 2025 జూన్ నుండి ఆ భోజనములో సన్నబియ్యము వచ్చినది. పిల్లలు అన్నము పారవేయకుండ తినుటకు అది మేలే. దాని ప్రక్కన కూర, పప్పు ఎంత పెట్టుచున్నారన్నదే చూడవలసినది.

పోటీపరీక్షల వసతిగృహముల సంగతి మన జిల్లావారికి వేరుగా చెప్పనక్కరలేదు. తెల్లవారకముందు మొదలై రాత్రి ప్రొద్దుపోవువరకు కూర్చుండి చదువు పిల్లలకు కదలిక బల్లనుండి భోజనశాలకు, భోజనశాలనుండి బల్లకు. అట్టి పిల్లవానికి ‘వ్యాయామము చేయవలెను’ అని వైద్యుడు వ్రాసినపుడు, ఆ వాక్యము ఎవరి పేర వ్రాయవలెను? వేళల పట్టిక వేసినవారి పేరనే వ్రాయుట న్యాయము.

ఉపాధ్యాయులు తరగతిలో చేయదగిన పరీక్ష యొకటి ఉన్నది. పిల్లవాని ఎత్తునకు సరిపడ దారము త్రుంచి, దానిని సగమునకు మడచి నడుము చుట్టు త్రిప్పవలెను. కొసలు కలియనిచో నడుము ఎత్తులో సగమును మించినది, వైద్యునివద్దకు పంపదగును. యంత్రము వలదు, ఖర్చు లేదు. మన పిల్లలకు బరువు హెచ్చుగా కనబడకపోయినను పొట్టలో కొవ్వు ముందే చేరుట సామాన్యము గనుక ఇది బరువుయంత్రముకన్న నమ్మదగినది. భారత శిశువైద్య సంఘము 2015లో మన పిల్లలకు వేరుగా వృద్ధిపటములు గీచి, పెద్దలలో 23, 27 అను సూచికలకు సమానమైన గీతలను అపాయరేఖలుగా పెట్టినదియు ఇందుకే. అయితే ఈ దారము పరీక్షను అందరి ఎదుట చేయరాదు, కొలత బిగ్గరగా చదువరాదు. ‘బండోడు’ అని ఒకసారి పేరుపడిన పిల్లవాడు మైదానములో అడుగుపెట్టడు, అతనికి కావలసిన నాలుగు పీరియడ్లును అక్కడనే పోవును. ప్రతి పిల్లవాడును ఇంటివద్ద తన దారము తానే కొలుచుకొని, కొసలు కలిసినవో లేదో చీటీపై వ్రాసి తెచ్చునట్లు చేసినచో సరిపోవును. చీటీలు ఉపాధ్యాయుడొక్కడే చూడవలెను.